పేర్లు లేని గంట

ఏడున్నాయి. ఏడే ఉంటాయని తెలిసినా దర్జీ మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాడు, మొదటి లెక్కలో తన భార్య వేసిన బొమ్మ ఎక్కడైనా తప్పిపోయిందేమోనన్నట్టు. తలుపు పక్క గోడకి మూడు, దానికి ఎదుటి గోడకి మూడు, కిటికీలకి ఎదురుగా ఉన్న పొడుగాటి గోడ మీద ఒకే ఒక్కటి. ఒక్కదాని కిందా పేరు లేదు. ఐదు కొట్టేదాకా ఉండదు కూడా. ఇప్పుడే నాలుగు కొట్టింది, మాస్టారు హాలు తలుపు బార్లా తీసి, "వెళ్ళండి, వెతుక్కోండి," అని తను గుమ్మం బయటే ఉండిపోయాడు. అక్కడ బల్ల మీద టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్న, బొమ్మలు వేసినవాళ్ళు ఆరుగురూ మొహాలు అటు తిప్పుకున్నారు, ఎక్కడ కళ్ళతో జవాబు చెప్పేస్తామో అని. ఏడో మనిషి మాత్రం తిప్పుకోలేదు. ఏడో మనిషి దర్జీ భార్య. ఆవిడ ఆయన కాలరు వైపు చూసింది, సరిగ్గా ఉందా లేదా అని. సరిగ్గానే ఉంది. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు ఆవిడే సర్దింది, సర్దుతూ ఆ మాట అంది, "ఈసారి తెలియకపోయినా ఏం ఫరవాలేదండీ. వచ్చే ఏడాది నుంచి అమ్మాయిని రమ్మంటాను. మీకెందుకీ ఇబ్బంది." కోపంగా అన్నా బాగుండేది. కోపానికి ఏదో ఒకటి బదులు చెప్పుకోవచ్చు. ఆవిడ చాలా మెత్తగా, కాలరు మడత మీద వేలు రాస్తూ అంది, అప్పటి నుంచీ ఆ మెత్తదనమే ఆయన గుండెల్లో కూర్చుంది.

ఈ ఏడుగురిదీ అదో అలవాటు. మాస్టారి దగ్గర సాయంకాలం బొమ్మల తరగతిలో కలిసిన మనుషులు, ఏడాదికోసారి ఈ పాత మేడమీది హాలు తీసుకుని తలా ఒక బొమ్మ పెడతారు. మొదటిరోజు మొదటి గంటలో పేర్లుండవు. వేసినవాళ్ళు లోపలికి రాకూడదు. ఒక్కో ఇంట్లోంచి ఒక్కో మనిషి వచ్చి, తమవాళ్ళ బొమ్మ ఏదో కనిపెట్టి దాని పక్కన నిలబడాలి. ఐదింటికి మాస్టారు పేర్ల చీటీలు తెచ్చి గుచ్చుతాడు. తప్పు బొమ్మ పక్కన దొరికిపోతే ఎవరూ ఏమీ అనరు, నవ్వి, భుజం తట్టి, టీ ఇస్తారు. అదే ఆయనకి భయం. కింద మెట్ల దగ్గర అట్ట మీద లావుపాటి అక్షరాలతో నైరూప్య చిత్రాలు అని రాసిపెట్టారు. రూపం లేని బొమ్మలు. రూపమే లేకపోతే అందులో మనిషిని ఎలా పోల్చుకోమంటారు? వీధిలో పోయే మనిషి వీపు చూసి ఛాతీ ముప్పై ఎనిమిదో నలభయ్యో చెప్పగలడు దర్జీ. ఇరవై ఏళ్ళ కిందట కుట్టిన కోటు ఎవడి ఒంటిమీద ఎంత పాతబడి కనిపించినా, ఇది నా చేతిది అని జేబు వంపు చూసి పట్టుకోగలడు. ఊళ్ళో సగం మంది మగవాళ్ళ భుజాల వాలు ఆయనకి కంఠతా వచ్చు. అలాంటివాడికి ఇంట్లో మనిషి చేతిపని తెలియడం లేదంటే ఎవరికి చెప్పుకోవాలి, చెప్పుకుంటే ఎవరు నమ్మాలి.

పసుపుపచ్చ బొమ్మ ముందు ఆగాడు. రంగు అట్టలు కట్టి ఉంది, గోడకి సున్నం ఎక్కువై పెచ్చులు లేచినట్టు. ఇది కాదు. ఎందుకు కాదో తెలియదు, ఆవిడ దేన్నీ ఇంత వృథా చెయ్యదు, దారం ఆఖరి జానెడు కూడా గుండీకి వాడేది. నల్లది, మధ్యమధ్య నారింజరంగు చిల్లులు. కాదేమో. కావచ్చు. జేబులో ఫోను బరువుగా తగిలింది. నిన్న అమ్మాయి చెప్పింది, "నాన్నా, చప్పుడు చెయ్యకుండా ఏడింటికీ ఫోటోలు తీసి నాకు పంపు, అమ్మది ఏదో నేను చెప్పేస్తా." అది చెప్పేస్తుంది కూడా. పొరుగూళ్ళో ఉద్యోగం చేసుకుంటున్నా దానికి వాళ్ళమ్మ సంగతి అంతా తెలుసు, వాళ్ళిద్దరూ ఫోనులో గంటలు గంటలు ఏం మాట్లాడుకుంటారో ఏమో. చెయ్యి జేబులోకి పోయింది, ఫోను చుట్టూ వేళ్ళు మూసుకున్నాయి, మళ్ళీ వదిలేశాయి. వద్దు. కిందటేడు దొంగతనం చేసింది చాలదూ.

మొదటేడు మోసపోయాడు, రెండో ఏడు మోసం చేశాడు. మొదటేడు ఈ గోడ మీదే గుండ్రాలు గుండ్రాలుగా, తెలుపూ బూడిదా గోధుమరంగూ ఉన్న బొమ్మ కనిపించగానే ఎగిరి గంతేసినంత పని చేశాడు. గుండీలు! నా కొట్లో గుండీలు ఇంకెవరు వేస్తారయ్యా! నాలుగూ పదికే దాని పక్కన నిలబడి, ఐదింటిదాకా రొమ్ము విరుచుకుని, వచ్చినవాళ్ళందరికీ తలూపాడు. తీరా చూస్తే అది ఆ ఏడుగురిలో ఒకడైన కాంపౌండరుది. వాటిని చూసి ఆయన కోడలు మాత్రలనుకుంది, కాంపౌండరేమో అవి గుండ్రాలేనమ్మా ఇంకేం కావూ అన్నాడు. దర్జీ భార్యది సరిగ్గా ఎదుటి గోడ మీద ఉంది, ఎర్రది, కిందికి జారుతున్నట్టు. ఆ గంటంతా ఆయన దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఇక కిందటేడు తెలివితేటలు ఉపయోగించాడు. చెక్క చట్రానికి గుడ్డ బిగించే ముందు ఆవిడ అంచు మడిచి చేత్తో కుడుతుందని తెలుసు, దారాలు ఊడకుండా, అది ఆవిడ చేతుల్లోంచి పోని అలవాటు. ఎవరూ చూడనప్పుడు ఒక్కొక్క బొమ్మ వెనకా వేళ్ళు పెట్టి తడిమాడు. నాలుగోదానికి కుట్టు తగిలింది, సన్నగా, ఒకే దూరంలో, ఆహా. నిలబడ్డాడు. ఐదింటికి అందరూ చప్పట్లు కొట్టారు. టీ గ్లాసు అందుకుంటుంటే ఆయన వేళ్ళకి గోడ సున్నం అంటుకుని ఉండటం ఆవిడ చూసింది. బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తమ స్టాపుకి ముందు స్టాపులో బస్సు ఆగినప్పుడు, అటే చూస్తూ, "చూసి కనుక్కున్నారా, తడిమి కనుక్కున్నారా?" అంది. ఆ తరవాత ఆవిడ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఈరోజు దాకా. "ఈసారి అంచులు కుట్టలేదు," అంది, చెప్పులేసుకుంటూ.

అసలు ఆయనది అంత పెద్ద నేరమా? ఆయన చూసేవాడు. చూసి బాగుంది అనేవాడు. నాలుగేళ్ళ కిందట, కొట్టు మూసేసిన కొత్తలో, మాస్టారి కోటుకి లోపలి గుడ్డ మార్చి ఇవ్వడానికి వెళ్ళిన ఆవిడ రెండు గంటలు ఆలస్యంగా ఇంటికొచ్చింది, మణికట్టు మీద నీలం రంగు పూసుకుని, మొహంలో ఏదో పట్టలేనితనంతో. వారం తిరిగేసరికి ఒక అట్టముక్క మీద ఏదో వేసి తెచ్చింది. ఎలా ఉందండీ? బాగుంది. ఇంకో వారానికి ఇంకోటి. బాగుంది. మనసులో లేని మాటేం కాదు, కొత్త చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డ మనిషికి దర్జీ ఏం చెప్తాడు, బాగుంది అనే కదా చెప్తాడు, ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నాడో, నోటికి అలా అలవాటైపోయింది. ఒకరోజు ఇంట్లో గోడకి ఆనించి ఉన్న తెల్లటి కాన్వాసు చూసి కూడా అన్నాడు. "ఇంకా మొదలుపెట్టలేదండీ," అంది ఆవిడ. ఆ సంగతి ఎలా బయటికి పొక్కిందో, మాస్టారూ, మిగతా ఆరుగురూ ఆయనకి బాగుందిగారు అని పేరు పెట్టేశారు, ఎదురుగానే పిలుస్తారు, ఆయన కూడా పలుకుతాడు. ఆవిడ మాత్రం బొమ్మలు ఇంటికి తేవడం మానేసింది. అదీ నవ్వుతూనే చెప్పింది. మీ బాగుంది వింటే బొమ్మ చింపెయ్యాలనిపిస్తుందండీ అని. ఈ ఏడాది బొమ్మ మొదటి చుక్క నుంచి ఆఖరి చుక్క దాకా మాస్టారి దగ్గరే వేసింది, ఈయన కంట పడకుండా.

నీలం బొమ్మ దగ్గరికి రాగానే కాళ్ళు వాటంతట అవే ఆగాయి. ముదురు నీలం, స్కూలు నిక్కర్ల గుడ్డ రంగు. దాని మీద తెల్లటి గీతలు, కొన్ని తిన్నగా, కొన్ని చంకభాగం కత్తిరించేటప్పుడు తిరిగే వంపులో. సుద్ద గీతలే. ఇంకా ఏం సందేహం? దర్జీ పెళ్ళాం కాక ఎవరు వేస్తారు ఇది, ఇంత మంచి వంపు. రొమ్ము కొద్దిగా విరుచుకోబోయింది. ఆగు, అనుకున్నాడు. గుండీలప్పుడు కూడా ఇలాగే అనిపించింది. నా గుండీలు, నా సుద్ద, నా కత్తెర. హాల్లోకి అడుగుపెట్టినప్పటి నుంచీ తన కొట్టునే వెతుక్కుంటున్నాడు తను. ఆవిణ్ణి ఎక్కడ వెతికాడు? మొహం వేడెక్కింది. ఎవరైనా చూశారేమోనని పక్కకి చూస్తే కాంపౌండరుగారి కోడలు అప్పుడే నల్లబొమ్మ పక్కన చేరి, తీరిగ్గా గోళ్ళు చూసుకుంటోంది.

"దొరికిందా బాబాయిగారూ?"

"చూస్తున్నానమ్మా. నీకు అప్పుడే దొరికిందీ? ఖాయమేనా?"

"మా మామయ్యగారిది తెలియకపోవడమేంటండీ. ఆయనకి ఎక్కడ ఆపాలో తెలీదు. మాటలైనా అంతే, కూరలో ఉప్పైనా అంతే. చూడండి, ఆ మూల చక్కగా వదిలెయ్యొచ్చా? అక్కడా రెండు చిల్లులు పెట్టారు."

పిల్ల నవ్వింది. దర్జీ కూడా నవ్వాడు. ఈ పిల్ల ఆ ఇంటికొచ్చి మూడేళ్ళయిందేమో. బొమ్మలో మాత్రలు వెతకలేదు, మందుసీసాలు వెతకలేదు, మామగారి తీరు వెతికింది, పట్టుకుంది. మరి నా ఇంటావిడ తీరేమిటి? ఎక్కడ ఆపుతుంది, ఎక్కడ ఆపదు? తలొంచుకుని పని చేస్తుందని తెలుసు. దారం పళ్ళతో తెంపుతుందని తెలుసు, చప్పుడు విన్నాడు కనుక. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబడుతుంది, ఎక్కాక వదుల్తుంది, అదీ విన్నదే. అన్నీ విన్నవే. చూసిందేది? ముప్పై ఏళ్ళు ఒకే కొట్లో పక్కపక్కన పని చేశామని అందరికీ చెప్పుకుంటాడే, పక్కపక్కన ఎప్పుడున్నారు? వీపూ వీపూ పెట్టుకుని ఉన్నారు.

పడమటి గుమ్మం కొట్టు అది, ఎనిమిదడుగుల వెడల్పు, లోపలికి పన్నెండు. గుమ్మంలో ఆయన మిషను, ఆయన మొహం వీధికి. వచ్చేపోయేవాళ్ళు పలకరించాలి, పలకరిస్తే పని వస్తుంది. ఆవిడ లోపల, పొట్టి పీట మీద, మొహం వెనక గోడకి. వెలుతురు భుజం మీదుగా ఒళ్ళోకి పడాలి కదా, చేతిపని అలాగే చెయ్యాలి, కాజాలు, గుండీలు, అంచులు. గోడకి ఎదురుగా కూర్చుంటావేం అని ఎవరైనా అడిగితే, నాకు వీధి అక్కర్లేదు, వెలుతురు చాలు అనేది. ఆ వెలుతురుకే ఆయన అడ్డం. మిషను మీదికి వంగి కుడుతున్నంతసేపూ ఫరవాలేదు, నడుం నొప్పి పుట్టి నిటారుగా కూర్చున్నాడో, సాయంకాలం ఎండ ఆయన దగ్గరే ఆగిపోయేది. అప్పుడు వెనక నుంచి మాట వచ్చేది. "ఏమండీ, కాస్త పక్కకి." అంతే, రెండో మాట ఉండేది కాదు. ఆయన కాలు ఆడిస్తూనే, తల తిప్పకుండానే, స్టూలు మీద అర అడుగు జరిగేవాడు. రోజుకి ఎన్నిసార్లు? పదిసార్లు. స్కూళ్ళు తెరిచే రోజుల్లో నిక్కర్లు గుట్టలు పడి ఉన్నప్పుడు ఇరవై. అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు తొమ్మిదో నెలదాకా ఆ పీట మీదే. ఆవిడ తల్లి పోయారని కబురొచ్చిన రోజు కూడా, ఏడుస్తోందని ఈయనకి తెలియలేదు, కాస్త పక్కకి అంటే గొంతు బొంగురుగా ఉందేమిటా అనుకున్నాడు, జరిగాడు. వెనక్కి తిరిగి చూడాల్సింది. తిరిగి చూస్తే మిషను ఆగిపోతుందనా? ఆగిపోతే ఏం కొంప మునిగేది?

ఇదంతా అనుకుంటూ నడిచాడో నిలబడ్డాడో, చూస్తే పొడుగు గోడ ముందున్నాడు. ఇక్కడ ఉన్నది ఒక్కటే బొమ్మ, పెద్దది, ఇందాక రెండుసార్లు దీని ముందు నుంచే ఆగకుండా వెళ్ళిపోయాడు. ఏమీ లేదు ఇందులో. వెలిసిపోయిన గోడలాంటి రంగు, పాలల్లో చిటికెడు పసుపు కలిపినట్టు, దాని మీద మధ్యలో ఒక మసక. బూడిదా కాదు, గోధుమా కాదు. ఒకసారి వేసి, ఆరాక కొద్దిగా పైకి మళ్ళీ వేసి, ఆరాక కొద్దిగా కిందికి మళ్ళీ వేసి, అలా ఎన్నిసార్లు వేశారో వేసినవాళ్ళు, అంచులు ఒకదాని మీద ఒకటి పడి ఎక్కడా గీత లేదు. పైన గుండ్రం, దాని కింద రెండు పక్కలా వాలు, ఆ కింద అంతా కలిసిపోయింది. పైగా మిగతా ఆరింటికంటే దిగి ఉంది, నేలకి జానెడు ఎత్తులో. ప్యాంటు కాలు ఒకటి పొడుగైపోయినట్టు ఆయన కన్ను అక్కడే పట్టుకుంది. కొలత ఎవరు తప్పారో. బొమ్మలు తగిలించడానికి మాస్టారు వాడిన స్టూలు ఇంకా ఆ మూలే ఉంది, మనసులో మాట చెప్పాలంటే ఎక్కి సరిచెయ్యాలనిపించింది. స్టూలు చూడగానే కొట్టు మూసేసిన రోజు గుర్తొచ్చింది, ఎందుకో ఏమో. మిషను తీసుకుపోయారు, బీరువాలు తీసుకుపోయారు. కొట్టు ఖాళీగా, పెద్దదిగా కనిపించింది. సాయంకాలం ఇదే వేళ. ఈయన వీధిలో నిలబడి, బండిమీద తాళ్ళు సరిగ్గా కట్టమని వాళ్ళ మీద అరుస్తుంటే లోపలి నుంచి పిలిచింది. వెళ్ళి చూస్తే ఖాళీ కొట్లో ఆ పొట్టి పీట మీద గోడకి ఎదురుగా కూర్చుని ఉంది, ఒళ్ళో ఏ పనీ లేకుండా.

"ఏమండీ, ఒక్కసారి మీ చోట్లో కూర్చోరూ."

"మిషనే లేదు, ఎక్కడ కూర్చోను?"

"స్టూలుందిగా. ఒక్క నిమిషం."

"పిచ్చేమన్నా పట్టిందా నీకు? బండి కదలాలి, లే."

లేచింది. పీట చంకన పెట్టుకుని బయటికొచ్చింది. ఆ స్టూలు బండి మీద ఆఖరున ఎక్కించారు. ఎందుకు కూర్చోమన్నావని అడగాలని కూడా ఆయనకి తోచలేదు. అడక్కుండా నాలుగేళ్ళు గడిచాయి. ఒక్క నిమిషం అడిగింది మనిషి, అడగక అడగక అడిగింది. కళ్ళు చెమర్చాయి, రుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే ఫోను తగిలింది, దాన్ని ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చి రుమాలు తీసుకున్నాడు. గోడ గడియారంలో ఐదుకి పన్నెండు నిమిషాలు. పోనీ. కనిపెట్టలేదనుకో, ఏమవుతుంది, అమ్మాయి వస్తుంది వచ్చే ఏడాది, అమ్మాయికి చూడటం వచ్చు. తను ఇంట్లో కూర్చుంటాడు. ఇంట్లో కూర్చుని, సాయంకాలం ఆవిడ తిరిగొచ్చాక ఎలా జరిగిందే అని అడుగుతాడు, బాగా జరిగిందండీ అంటుంది, కాలరు సర్దుతున్నంత మెత్తగా. ఆ ముక్క తలుచుకుంటే మటుకు ఊపిరాడలేదు. నన్ను రావద్దనకే, అనుకున్నాడు, ఏడింటికీ తప్పు చెప్పినా సరే, వద్దనకు.

చలికాలం పొద్దు, తొందరగా దిగుతుంది. ఎదుటి మేడ అంచు దాటి ఎండ ఒక్కసారిగా కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. ఆయన కాళ్ళ దగ్గర మొదలైన నీడ నేల మీద సాగి, గోడెక్కి, బొమ్మ మీద పడింది. పడిందో లేదో దర్జీ ఎడమ పక్కకి అర అడుగు జరిగాడు. ఆలోచించి జరగలేదు. జరిగిపోయాక, ఎవరు జరగమన్నారా అని చుట్టూ చూశాడు. ఎవరూ అనలేదు. కాంపౌండరుగారి కోడలు కిటికీ దగ్గర ఎవరితోనో మాట్లాడుతోంది. మిగతావాళ్ళు ఎవరి బొమ్మ దగ్గర వాళ్ళున్నారు. కానీ ఆయన ఒంటికి వినపడింది. కుడికాలు నేల మీద మిషను తొక్కుతున్నట్టు ఆడుతోంది, అదీ అప్పుడే గమనించాడు. కాలు ఆపి, బొమ్మ వైపు చూశాడు. ఇప్పుడు అక్కడ రెండు మసకలున్నాయి. ఒకటి ఆయన నీడ. దాని పక్కన ఇంకోటి, రంగుతో వేసింది.

మెల్లగా, కొలతలు తీసేటప్పుడు చూసినట్టు, పై నుంచి కిందికి చూశాడు. పైన గుండ్రం. రెండు వాలులు. ఒక పక్క వాలు రెండోదానికంటే దిగి ఉంది. ఎన్నిసార్లు వేశారో అన్నిసార్లూ, పైకి వేసినా కిందికి వేసినా, ఆ పక్కే దిగింది. అర అంగుళం. ఊళ్ళో మగవాళ్ళ భుజాలన్నీ కంఠతా వచ్చినవాడికి తన భుజం రాదా? తన చొక్కాలన్నిటికీ ఎడమ భుజంలో పట్టీ వేసి ఎత్తు చేసుకునేవాడు, మిషను మీద వాలి వాలి వచ్చిన దిగుడు అది, అర అంగుళం. అయితే తన నీడలో దిగుడు ఎడమ పక్కన ఉంది, బొమ్మలో కుడి పక్కన. ఇదేమిటి మరి, కాదా? మళ్ళీ తనే తల కొట్టుకున్నాడు. ఇప్పుడు బొమ్మ వైపు తిరిగి నిలబడ్డావురా. అప్పుడు వీధి వైపు తిరిగి కూర్చునేవాడివి. ఎప్పుడూ ఆవిడ వైపు తిరిగి ఉంటే కదా ఎడమ ఎడమలో కనబడేది.

ముప్పై ఏళ్ళూ ఆవిడ ఎదుట ఉన్నది ఈ గోడ. దాని మీద ఇది, తన నీడ. వంగితే కిందికి, లేస్తే పైకి, పొద్దున లేదు, సాయంకాలం ఉంది. పెళ్ళయిన కొత్తలో సన్నగా ఉండి ఉంటుంది, తరవాత లావెక్కి ఉంటుంది, ఈమధ్య వంగి ఉంటుంది. ఆయన ఎప్పుడూ చూసుకోనిది. తన వీపు వెనక తన గురించి ఇంత జరిగిందని ఆయనకి తెలియనే తెలియదు. ఆ ఖాళీ కొట్లో అడిగిన ఒక్క నిమిషం దీని కోసం. దర్జీకి దుఃఖం వచ్చింది, సంతోషం కూడా వచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేం. బొమ్మ మీద నీడ పడకుండా ఇంకాస్త పక్కకి జరిగి, గోడకి చేరి, అలాగే నిలబడిపోయాడు.

ఐదు కొట్టింది. మాస్టారు గుండుసూదుల డబ్బా ఊపుకుంటూ వచ్చాడు, వెనకాల వాళ్ళందరూ. "అమ్మా, నాది అంత తేలిగ్గా దొరికిందా?" అని కాంపౌండరు గొంతు, ఏవో నవ్వులు. ఆవిడ అందరికంటే ఆఖరున వచ్చింది. ముందు నీలం బొమ్మ వైపు చూసింది. ఆయన అక్కడ ఉంటాడనే అనుకుంది కాబోలు. అక్కడ లేడు. పొడుగు గోడ వైపు తల తిప్పి, నడుస్తున్నదల్లా ఆగింది.

"బాగుందిగారూ, ఏమంటారు?" అన్నాడు మాస్టారు, చీటీ చేత్తో పట్టుకుని.

ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది, ఆగింది. ఆయన భార్య వైపే చూస్తూ, "ఎడమ భుజం అర అంగుళం దించావు," అన్నాడు.

"దించలేదు," అంది ఆవిడ. "అదే దిగి ఉంటుంది."

"ఇంత కిందికి తగిలించారేం?" అని ఆయన మాస్టారిని అడిగాడు.

"ఆవిడే అలా ఉంచమన్నారు," అన్నాడు మాస్టారు. "నేను పైకి పెడితే రెండుసార్లు దింపించారు. తన పీట ఎత్తుకి ఉండాలట."

మాస్టారు ఇంకా ఏదో అనబోయి, వీళ్ళ మొహాలు చూసి, చీటీ గుచ్చి పక్కకి వెళ్ళిపోయాడు. దర్జీ రుమాలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. "నీ వెలుతురుకి అడ్డం కూర్చున్నాను కదే ముప్పై ఏళ్ళూ," అన్నాడు.

"కూర్చున్నారు," అంది ఆవిడ. "పక్కకి జరిగితే కాజా కనిపించేది. జరక్కపోతే మీరు కనిపించేవారు. నాకు రెండూ కావలసి వచ్చేవి."

"ఒక్కనాడూ చెప్పలేదు."

"మీరొక్కనాడూ వెనక్కి తిరగలేదుగా."

ఆయన మూల దగ్గరికి వెళ్ళి మాస్టారి స్టూలు తెచ్చాడు. బొమ్మ ముందు, రెండు బారల దూరంలో వేశాడు. బొమ్మకి వీపు పెట్టి, కిటికీల వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. చేతులు ముందుకి చాపి, లేని మిషను మీద లేని గుడ్డ పట్టుకున్నట్టు పెట్టి, కొద్దిగా వంగాడు. ఎండ కళ్ళల్లో పడింది. వెనక అడుగుల చప్పుడు, ఆవిడ వచ్చి ఆయనకీ బొమ్మకీ మధ్య నేల మీద కూర్చున్న చప్పుడు. కాంపౌండరు ఏదో అనబోతే కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకొంచెం లేవండి," అంది వెనక నుంచి. లేచాడు. "అంత కాదు. కుడి పక్కకి. ఆ... అంతే. కదలకండి."

కదలకుండా కూర్చున్నాడు. ఎదురుగా కిటికీలు, కిటికీల అవతల వీధి, వీధిలో మనుషులు వస్తున్నారు పోతున్నారు, ఎవరూ పలకరించలేదు. వెనక ఊపిరి బిగబట్టిన చప్పుడు వినబడింది, సూదిలోకి దారం ఎక్కించేటప్పటిది. వదుల్తుందని కాచుకున్నాడు. వదల్లేదు. ఇంకాసేపు కాచుకున్నాడు. అప్పుడు దర్జీ వెనక్కి తిరిగాడు, పూర్తిగా, స్టూలుతో సహా అర అడుగు పక్కకి జరిగి, తిరిగి కూర్చుని, గోడ మీద నీడ ఏమైపోయిందో పట్టించుకోకుండా, ఆ చప్పుడుకి గోడ వైపు నుంచి ఇటు తిరిగిన ఆవిడ మొహం ఎండలో చూశాడు.

"కదలద్దన్నానా," అంది ఆవిడ, కళ్ళు తుడుచుకోకుండానే.